తిరుగుతున్న మిషన్‌కు దండ

"ఆ పాప ఏదో నొక్కింది, అన్నీ పోయినాయి."

ఆదోనిలో మా పాత ఆఫీసు మెట్లెక్కితే ఇప్పటికీ ఈ మాట వినపడుతుందట. కొత్తగా చేరినవాళ్లకు జాగ్రత్త నేర్పడానికి ఈ ముక్క చెబుతారట. విన్న ప్రతిసారీ నాకు ఒళ్లు మండుతుంది. ఆమె "ఏదో" నొక్కలేదు. నేను రాసి గోడకు అంటించిన కాగితంలో ఏముందో అదే నొక్కింది. నొక్కే ముందు నన్ను అడిగింది కూడా. అడిగితే నేనేమన్నానో చెప్పడానికే ఇది రాస్తున్నాను. వెబ్‌సైట్లు చేసే పిల్లలు చదివితే మంచిది. మా ఓనరు చదివితే ఇంకా మంచిది.

మాది ఆదోనిలో ఒక మేడ మీద ఆఫీసు. చుట్టుపక్కల దుకాణాలకు, మిల్లులకు వెబ్‌సైట్లు చేసి పెట్టేవాళ్లం. ఓనరుది తరాల నుంచి జిన్నింగ్ మిల్లు ఉన్న కుటుంబం, పత్తి నుంచి గింజ వేరు చేసే మిల్లు. ఈయన మాత్రం కంప్యూటర్ల వైపు వచ్చాడు. నాకన్నా బాగా చిన్నవాడు, నన్ను "అన్నా" అనేవాడు. ఆఫీసులో అందరికన్నా పాతవాణ్ణి నేను. మిషన్ల సంగతి, కమాండ్ల సంగతి నా చేతిలో ఉండేవి. చేతిలో ఉండేవి అంటే నిజానికి గోడ మీద ఉండేవి. ఒక అట్టముక్క మీద కమాండ్లన్నీ వరసగా రాసి, టేపు వేసి అంటించాను. ఎవరికి ఏ పని పడినా ఆ గోడవైపు చూసి కొట్టేవాళ్లు. అది నాకు చాలా గర్వంగా ఉండేది. ఇప్పుడు తలుచుకుంటే ఆ అట్టముక్కను ముక్కలుగా చించి పారేయాలనిపిస్తుంది.

మూలన ఒక మిషన్ పగలూ రాత్రీ తిరుగుతూ ఉండేది. మేం చేసిన సైట్లన్నీ జనానికి కనపడేది దానిలో నుంచే. దానిలోకి ఎవరు పోయినా ఒకే పేరు, ఒకే పాస్‌వర్డు. ఓనరూ అదే, నేనూ అదే, నిన్న చేరినవాళ్లూ అదే. "మనమంతా ఒకే ఇంటోళ్లం గదన్నా, తలా ఒక పేరెందుకు?" అనేవాడు ఓనరు. వినడానికి ఎంత బాగుందో చూడండి. తర్వాత ఒక రోజు ఎవరు ఏం చేశారో తేల్చాల్సి వస్తే ఆ ఒకే ఇంటివాళ్లలో ఎవరు బలవుతారో కూడా చూస్తారు.

ఇక ఆ అమ్మాయి. కోసిగి దగ్గర పల్లె. అమ్మానాన్నలు కూలీలు. డిగ్రీ చదివి, పని వెతుక్కుంటూ మా మెట్లెక్కింది. ఆ దిక్కు ఊళ్లలో దసరా దాటితే సగం ఇళ్లకు తాళాలు పడతాయి. గుంటూరు వైపు పత్తి తీయడానికి, మిరపకాయలు కోయడానికి కుటుంబాలకు కుటుంబాలే బండ్లెక్కి పోతాయి. దాన్ని సుగ్గికి పోవడం అంటారు. ఈ అమ్మాయి బడి రోజుల్లో కూడా సగం ఏడు సుగ్గిలోనే గడిచిందట. మా దగ్గర చేరిన కొన్నాళ్లకు నాతో అంది: "సార్, ఈ ఏడు మేము సుగ్గికి పోము. అమ్మతో సెప్పేసినా. తమ్ముడు బడి ఇడ్సకుండా సదువుకుంటాడు."

ఆ మాట చెప్పేటప్పుడు ఆమె మొహం నాకింకా గుర్తుంది. ఆమె ఉద్యోగం మీద ఒక ఇల్లు నిలబడి ఉందని నాకు తెలుసు. తెలియక చేశాను అని చెప్పుకునే వీలు నాకు లేదు.

ఆ ఏడు మాకు కొత్త పని ఒకటి వచ్చింది. ఎమ్మిగనూరులో రైతులు కొందరు కలిసి ఒక సంఘం పెట్టుకున్నారు. అందరూ ఒకేసారి పత్తి బండ్లు తెచ్చి మిల్లు ముందర రోజుల తరబడి పడిగాపులు పడకుండా, ఎవరి వంతు ఏ రోజో ముందే తెలిసేలా ఒక సైటు కావాలన్నారు. సంఘానికి పెద్ద కౌతాళం వైపు రైతు. ఆయన్ను అందరూ పెద్దాయన అనేవాళ్లు, నేనూ అలాగే అంటాను. సైటు కోసం ఊరూరికీ బస్సెక్కి తిరిగింది ఈ అమ్మాయే. రచ్చబండల దగ్గర, బడి వరండాల్లో కూర్చుని ఒక్కొక్క రైతు పేరు రాసి, పాసుపుస్తకం తన ఫోన్లో ఫోటో తీసి, సాయంత్రం వచ్చి సైటులోకి ఎక్కించేది. కౌతాళం వైపు కన్నడం మాట్లాడేవాళ్లతో కన్నడంలోనే మాట్లాడేది. రైతులు ఆఫీసు నంబరుకు ఫోన్ చేయడం మానేసి ఆమెకే చేసేవాళ్లు.

ఇంతలో ఆయుధ పూజ వచ్చింది.

మా నాయన ఆదోనిలో ఒక జిన్నింగ్ మిల్లులో ఫిట్టరు. ఆయుధ పూజంటే ఏమిటో నేను చిన్నప్పుడే చూశాను. ముందురోజు మిషన్లన్నీ ఆపేస్తారు. బెల్టులు ఊడదీస్తారు. లోపల ఇరుక్కున్న దూది, దుమ్ము అంతా తీసి, నూనె గుడ్డతో తుడుస్తారు. తర్వాత పసుపు, కుంకుమ, దండ. గుమ్మడికాయ కొట్టాక మళ్లీ మరుసటి రోజు దాకా ఎవరూ ముట్టుకోరు. ఏడాదంతా తిరిగిన ఇనుముకు ఒక రోజు సెలవు. అందులో నాకు ఇప్పటికీ ఏ తప్పూ కనపడదు.

మా ఓనరు ఈ ఆచారాన్ని ఆఫీసుకు తెచ్చాడు. "కంప్యూటర్లకు గూడ కడుగు పడాలన్నా" అన్నాడు మొదటి ఏడే. పైన దుమ్ము తుడిస్తే చాలదట, లోపలి చెత్త కూడా పోవాలట. సరే, ఏ సైటు పాత ఫైళ్లయినా ఆ సైటు ఫోల్డర్లోనే "paatavi" అనే ఒక ఫోల్డర్లో పడేసేవాళ్లం కాబట్టి, ఏడాదికొకసారి పూజకు ముందు దాన్ని ఖాళీ చేయడానికి ఒక కమాండు రాసి అట్టముక్క మీదికి ఎక్కించాను. అది ఇది:

cd paatavi; rm -rf *

దీనికి అర్థం: పాతవి అనే ఫోల్డర్లోకి పో, తర్వాత అక్కడున్నదంతా అడగకుండా తుడిచేయి. మధ్యలో ఆ చుక్కా కామా చూశారా? మొదటి పని జరిగినా జరగకపోయినా రెండో పని చేసేయమని దానర్థం. ఆ ఫోల్డరు అక్కడ లేదనుకోండి. మిషన్ "లేదు" అని ఒక ముక్క చెప్పి, ఉన్నచోటనే నిలబడి, ఉన్నదంతా తుడిచేస్తుంది. దాని బదులు && అని పెట్టి ఉంటే, మొదటి పని జరిగితేనే రెండోది చేసేది. నాకది తెలియదా? తెలుసు. ఏటేటా బాగానే నడుస్తోంది కదా అని మార్చలేదు.

పూజకు రెండు రోజుల ముందు, టీ తాగుతూ ఓనరు నాతో అన్నాడు: "పాతవన్నీ నేనే యేరే డిస్కులోకి మార్చినాన్నా. జాగా సాలకుండా ఉండె." నేను తల ఊపి, టీ తాగి, ఆ మాట మరిచిపోయాను.

పూజరోజు పొద్దున అమ్మాయి గోడవైపు చూసి, మిషన్ ముందు కూర్చుని, మొదట సంఘం సైటు ఫోల్డర్లోకి పోయింది. ఓనరు చేతిలో గుమ్మడికాయ, దాని మీద కర్పూరం. ముహూర్తం దాటిపోతోందని తొందర.

"సార్, పాతవి ఫోల్డరు ఉందో లేదో ఒకసారి సూసి నొక్కుతా" అంది.

"ఏటేటా సేసేదే గదమ్మా, సూసేదేముంది? నొక్కు" అన్నాను.

నొక్కింది. తెర మీద "అలాంటి ఫోల్డరు లేదు" అని ఒక వరస వచ్చింది. ఆమె "సార్..." అంటుండగానే ఓనరు అందరినీ లేవమన్నాడు. తెరలు ఆర్పేశాం. పసుపు, కుంకుమ, బంతిపూల దండలు. మూలనున్న పెద్ద మిషన్‌కు కూడా ఒక దండ వేశారు. అది తిరుగుతూనే ఉంది.

మధ్యాహ్నం, ఇంకా ఆఫీసులో బొరుగులూ శనగలూ పంచుతుండగా ఆమె ఫోన్ మోగింది. పెద్దాయన. ఆయన గొంతు ఫోన్లోంచి నాకూ వినపడుతోంది. "ఏం పాపా, నా వంతు ఎల్లుండి గదా అని సూద్దామంటే మీ సైటులో ఏమీ ల్యా. అంతా తెల్లగ ఉండాది. మా ఊర్లో ఎవురు సూసినా అంతే."

ఆమె చేతిలోని బొరుగుల పొట్లం కింద పెట్టేసింది. ఆమెకు అప్పటికే అర్థమైంది. నాకూ అర్థమైంది. ఓనరు టీ తాగుతూ అన్న మాట కూడా అప్పుడే, ఆ క్షణానే గుర్తొచ్చింది.

"అన్నా, మిషన్ ఆపేద్దాం" అని ఓనరు దగ్గరికి పరుగెత్తింది. "తుడిసేసినా అవి యాడికీ పోవు. వాటి మీద కొత్తది పడేదాకా లోపలే ఉంటాయి. ఇప్పుడే ఆపితే సానా మటుకు ఎనక్కి తీయొచ్చు. తిరిగే కొద్దీ మిగిలిన సైట్లోళ్లవి వాటి మీద పడతాంటాయి."

ఆమె చెప్పింది అక్షరాలా నిజం. పిల్లలారా, పొరపాటున తుడిచేస్తే మొదట చేయవలసింది అదే. ఏ పరుగూ వద్దు, ఏ కొత్త ఫైలూ పెట్టొద్దు, మిషన్ ఆపేయండి.

ఓనరు ఏమన్నాడో వినండి. "పూజలో ఉండే మిషన్‌ను ముట్టగూడదు పాపా. రేపు పొద్దున సూస్తాం."

నాకు ఇప్పటికీ రక్తం ఉడికేది ఇక్కడే. పూజ మీద నాకు కోపం లేదు. మిల్లులో మిషన్ ఆపి పూజ చేస్తారు. మేం తిరుగుతున్నదానికి దండ వేసి, తిరుగుతున్నదాన్ని ముట్టుకోవద్దన్నాం. ఆచారంలో కష్టమైన సగం వదిలేసి సులువైన సగం పట్టుకున్నాం. మా నాయన ఉంటే ఆ మెయిన్ స్విచ్ తానే కట్టేసి ఉండేవాడు. నేను ఫిట్టరు కొడుకును. నాలుగు అడుగుల దూరంలో ఉంది స్విచ్. నేను బొరుగులు తింటూ నిలబడ్డాను.

బ్యాకప్ లేదా అంటారు. ఉండేది. అదే మిషన్లో, అదే సైటు ఫోల్డర్లో. తాళంచెవిని పెట్టెలోనే పెట్టి పెట్టెకు తాళం వేసుకున్నట్టు. బయట ఇంకో చోట ఒక నకలు పెడదామని ఓనరుతో రెండుసార్లు చెప్పాను. మూడోసారి చెప్పలేదు, అదీ నా తప్పే.

మరుసటి రోజు పొద్దున మిషన్ తెరిచేసరికి ఒక రోజంతా తిరిగి ఉంది. వెనక్కి తీయగలిగింది చాలా కొంచెం. పెద్దాయన బస్సెక్కి వచ్చి కూర్చున్నాడు. ఓనరు అందరి ముందర అడిగాడు.

"ఎవురు నొక్కినారు?"

"నేనే అన్నా. కానీ సార్ అట్ట మీద..."

"నొక్కింది నువ్వా, కాదా?"

"నేనే."

మిషన్లో ఏయే కమాండ్లు కొట్టారో వరస ఉంటుంది. చూశాం. కమాండు ఉంది, కొట్టిన మనిషి లేడు, కొట్టిన వేళా లేదు. అందరిదీ ఒకే పేరు కాబట్టి, పాతవి ఫోల్డరును అక్కడి నుంచి లేపేసింది ఎవరన్నది కూడా ఆ వరసలో తేలదు. ఓనరు కాక, తేల్చగలిగిన మనిషి ఆ గదిలో ఒక్కడే. ఆ మనిషి అట్టముక్క మూలన లేచిన టేపును గోటితో అదుముతూ నిలబడ్డాడు. ఆమె ఒక్కసారి నావైపు చూసింది. నేను టేపునే చూశాను.

ఎందుకు మాట్లాడలేదు? ఇంకో మూడు నెలల్లో పని మానుకోబోతున్నాను. మచ్చ లేకుండా పోదామనుకున్నాను. నా తప్పు చెబితే ఓనరు తప్పూ చెప్పాలి, చెబితే ఇంత కాలం మేలు అనిపించుకున్నదంతా ఒక పూటలో పోతుంది. తర్వాత ఎప్పుడైనా నెమ్మదిగా చెబుదామనుకున్నాను. ఇవే నా కారణాలు. రాస్తుంటే నాకే అసహ్యంగా ఉంది.

ఆ పైన జరిగింది ఇంకా అన్యాయం. పాసుపుస్తకాల ఫోటోలు ఆమె ఫోన్లో ఉన్నాయి. ఎక్కించిన వెంటనే చెరిపేయమని మా రూలు. ఆమె సీజను ముగిసేదాకా ఉంచుకుంది, రైతులు మళ్లీ తిరక్కుండా. ఆ రోజంతా అన్నం కూడా తినకుండా కూర్చుని, ఒక్కొక్కటీ ఎక్కించి, రైతులకు ఫోన్లు చేసి వంతులు సరిచేసి, సాయంత్రానికి సైటు నిలబెట్టింది. నిలబెట్టాక ఓనరు పిలిచి, "రేపటి నుంచి రావద్దులే పాపా" అన్నాడు. ఆమె సంచి భుజానికి వేసుకుని మెట్లు దిగిపోయింది. దీపావళి తర్వాత వాళ్ల ఊరి నుంచి పోయిన మొదటి బండిలో వాళ్లమ్మా, నాన్నా, తమ్ముడూ, ఆమే ఉన్నారని ఆ వైపు నుంచి వచ్చే ఒక రైతు చెబితే తెలిసింది. తమ్ముడు కూడా. అంటే బడి మానేశాడన్నమాట.

నేనేం చేశాను? అట్టముక్క మీద చుక్కా కామా కొట్టేసి && రాశాను. మిషన్లో ఎవరి పేరు వాళ్లకు పెట్టించాను. కమాండ్ల వరసలో తేదీ, వేళ పడేలా HISTTIMEFORMAT పెట్టాను. జనం చూసే మిషన్లోకి పోతే అక్షరాలు ఎర్రగా కనపడేలా, మన సొంత మిషన్లో పచ్చగా కనపడేలా మార్చాను, ఏది ఏదో కళ్లకే తెలిసేలా. తుడిచే ముందు pwd కొట్టి ఎక్కడున్నామో చూడమని, rm బదులు మొదట అదే మాటతో ls కొట్టి ఏమేం పోతాయో చూడమని, వీలైతే తుడవకుండా mv తో పక్కకు జరిపి నెల రోజులు ఉంచమని రాశాను. నకలు ఎమ్మిగనూరులో సంఘం కంప్యూటర్లో ఒకటి పెట్టించి, దాన్ని వెనక్కి తెచ్చి చూశాను కూడా. వెనక్కి తెచ్చి చూడని నకలు ఉన్నా లేనట్టే. ఇవన్నీ చేయడానికి నాకు రెండు రోజులు పట్టింది. రెండు రోజుల పని ముందే చేసి ఉంటే ఒక ఇల్లు సుగ్గికి పోయేది కాదు. మిషన్‌కు అన్ని కాపలాలూ పెట్టాను గానీ ఆ పిల్ల కోసం నోరు తెరవలేదు.

నేను పని మానే రోజు వచ్చింది. ఆఫీసులో చిన్న సన్మానం. పెద్దాయన కూడా వచ్చాడు. నా భుజాల మీద శాలువా కప్పి, ఓనరు మాట్లాడాడు.

"ఇన్నేండ్లలో అన్న సేతిలో ఒక్క తప్పు జరగలా. ఆ మధ్యన ఒక పాప ఏదో నొక్కి అన్నీ పోగొట్టింది గానీ, అన్న కూసోని మళ్లా అంతా నిలబెట్టినాడు."

చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు నా వీపు మీద పడ్డట్టు అనిపించింది.

"నేను నిలబెట్టలేదు. ఆ పాప నిలబెట్టింది" అన్నాను. "పోగొట్టింది ఆ పాప గాదు. కమాండు తప్పుగా రాసింది నేను. సూసి నొక్కుతానంటే వద్దన్నది నేను. ఫోల్డరు మార్చి ఎవరికీ సెప్పనిది నువ్వప్పా. నాకు సెప్పినావు, నేను మర్చిపోయినా. మిషన్ ఆపుదామంటే ఆపనియ్యలేదు, అది గూడ నువ్వే."

చప్పట్లు ఆగాయి. ఓనరు నవ్వబోయి ఆగి, "ఇప్పుడెందుకన్నా అదంతా, అయిపోయింది గదా" అన్నాడు.

"ఎవురికి అయిపోయింది?" అన్నాడు పెద్దాయన. నావైపు తిరిగి, "ఆ పాప యాడుండాది?" అని అడిగాడు.

"గుంటూరు దిక్కు. మిరప కోతల్లో."

పెద్దాయన తన ఫోన్ తీసి, అక్కడే, అందరి ముందరే, ఆమె నంబరు నొక్కి గొంతు బయటికి వినపడేలా పెట్టాడు. చాలాసేపు మోగింది. ఎత్తింది. వెనక ఆడవాళ్ల మాటలు, గాలి.

"పెద్దాయనా, సాలు నడాన ఉన్నా. ఈ సాలు కోసేసి నేనే సేస్తా" అని పెట్టేసింది.

అందరం కాచుకున్నాం. ఓనరు కుర్చీ లాక్కోబోయాడు. "నిలబడు" అన్నాడు పెద్దాయన, గొంతు పెంచకుండానే. ఓనరు నిలబడ్డాడు. నేనూ శాలువాతో నిలబడ్డాను. ఒక సాలు, అంటే ఒక వరస చెట్ల మిరపకాయలు కోయడానికి ఎంత సేపు పడుతుందో ఆ రోజే నాకు తెలిసింది.

ఫోన్ మోగింది. పెద్దాయన జరిగింది చెప్పాడు. "మా సంఘం పని నువ్వే సూడు పాపా. ఆదోనికి గాదు, ఎమ్మిగనూరికే రా. మీ తమ్మునికి బడి గూడ అక్కడే సూస్తాం."



"వస్తా పెద్దాయనా. కోతలు అయిపోనీ. నడాన ఇడిసి వస్తే నా సాలు మిగతావాళ్ల మీద పడతాది."

తర్వాత, "సార్ ఉన్నాడా ఆడ?" అంది.

"ఉన్నానమ్మా. తప్పు నాదమ్మా."

"అది నాకు ఆ పొద్దే తెలుసు సార్. వాళ్లకు సెప్పినారా?"

"సెప్పినా."

"ఓనరన్న గూడ ఉన్నాడా?"

"ఉన్నాడు."

"అట్లయితే మళ్లా ఒకసారి సెప్పండి సార్. నాకు వినపడల్ల."

శాలువా తీసి బల్ల మీద పెట్టాను. చుక్కా కామా దగ్గర నుంచి మొదలుపెట్టి, మెయిన్ స్విచ్ దాకా, టేపు దాకా, ఆమెకు వినపడేటట్టు మళ్లీ అంతా చెప్పాను.